తుపాకీ ఎవరి కోసం?

డాక్టరుగారూ,

మీరు పోయాక మన అబ్బాయి నన్నడక్కుండా అమ్మేసిన మీ పాత వేట తుపాకీ ఇవాళ మన ఊరి పక్కనున్న షాంటిలీలో ఒక తుపాకుల కొట్లో కనిపించింది. ఏటా దసరాకి నేను పెట్టిన కుంకుమ బొట్టు దాని చెక్క పిడి మీద మరకై అలాగే ఉంది. ప్రతి నవంబరూ మిమ్మల్ని అడవికి లాక్కెళ్ళిన ఆ సవతిని మళ్ళీ ఇంటికి తెచ్చుకోవాలా వద్దా అని గంటసేపు నిలబడ్డాను.

"మేడమ్, ఆ మరక గీకేసి ఇవ్వమంటారా?" అన్నాడు కొట్టతను.

"దాని జోలికెళ్ళకు. కొనడానికి నింపాల్సిన ఫారం ఇలా ఇవ్వు," అన్నాను.

"కొంటున్నది మీ కోసమేనా, వేరొకరి కోసమా?" అని ఫారంలో అడిగారు. వేరొకరి కోసమైతే అమ్మరట. కాగితం మీద అబద్ధం రాయడం నాకెప్పుడూ చేతకాలేదు. పెన్ను తిరిగిచ్చేసి వచ్చేశాను.

ఇంకా కోపంగానే,
శారద