ప్రైవేట్ అని పెట్టిన గంట

మార్చి 3, సోమవారం

కొత్త పని నాకే ఇచ్చారు. మా సాఫ్ట్‌వేర్‌లో కంపెనీలు తమ కస్టమర్ల వివరాలు, ఆర్డర్లు, ఫిర్యాదులు అన్నీ చూసుకుంటాయి. మీటింగ్ పెట్టుకోవాలంటే మాత్రం బయట ఇంకో యాప్ తెరవాలి. ఇకనుంచి అదీ లోపలే. ఎవరికి ఎప్పుడు ఖాళీయో చూసి, అందరికీ కుదిరే గంట అదే వెతికిపెట్టాలి. డిజైన్ మొత్తం నాది. ఆరు వారాలు. ముందు మా ఆఫీసు వాళ్ళ మీదే ప్రయోగం.

మార్చి 11, మంగళవారం

క్యాలెండర్‌లో ప్రైవేట్ ఎంట్రీల మీద వాదన. అన్నీ అందరికీ కనపడాలంటాడు మేనేజర్. టెస్టర్ అమ్మాయి ఒప్పుకోలేదు. నా పంటి డాక్టర్ సంగతి ఆఫీసంతటికీ ఎందుకండీ అంది. నేను ఆమె వైపే గట్టిగా నిలబడ్డాను. ప్రైవేట్ అని పెడితే ఒక బూడిద రంగు గడి, అందులో బిజీ అన్న మాట. ఎవరితో, దేనికి అన్నది కనపడదు. గెలిచాం. బయటికొచ్చాక థాంక్స్ అక్కా అంది. ఆఫీసులో నన్ను అలా పిలిచేది ఆమె ఒక్కతే.

అన్నీ కనపడే లాగిన్ ఒకటుంది, పరీక్షల కోసం. అది ఆమె పేరు మీద ఉంది. స్క్రీన్లు సరిచూసుకోవడానికి పాస్‌వర్డ్ నాకూ ఇచ్చింది.

మార్చి 14

నిన్న మూడింటికి మేనేజర్, హెచ్ఆర్ మేడమ్, టెస్టర్ అమ్మాయి, ముగ్గురికీ ఒకే బూడిద గడి. వచ్చే గురువారం కూడా.

మార్చి 20, గురువారం, మధ్యాహ్నం 3.25

కావాలనే కాఫీ మెషీన్ దాకా రెండుసార్లు వెళ్ళాను. అద్దాల గదిలో ముగ్గురూ ఉన్నారు. స్క్రీన్ మీద నా డిజైన్. పొరపాటే లేదు, ఆ నీలం బటన్ కోసం రెండు రోజులు కొట్టుకున్నాను. టెస్టర్ అమ్మాయి ఏదో చెబుతోంది, మేనేజర్ తలూపుతున్నాడు. నన్ను చూసి ఆమె మాట ఆపేసింది. హెచ్ఆర్ మేడమ్ నవ్వింది. హెచ్ఆర్ వాళ్ళు ఊరికే నవ్వరు.

మార్చి 21

ఫైళ్ళన్నీ కామన్ ఫోల్డర్‌లో పెట్టమన్నాడు మేనేజర్. ఎందుకని అడిగితే, ఉంటే మంచిదే కదా అన్నాడు. రేపు నేను లేకపోయినా పని ఆగకూడదని. ఆ మాట ఆయన అనలేదు. నేనే పూరించుకున్నాను.

ఇంట్లో మావారికి చెప్పాను. ఆయన లెక్కల మాస్టారు. అడిగేస్తే పోలా అన్నారు. అడిగితే నిజం చెబుతారా అన్నాను. చెప్పరని నువ్వే తేల్చేసుకున్నాక ఇక నన్నెందుకు అడగడం అని పేపర్లు దిద్దుకోవడానికి కూర్చున్నారు.

మార్చి 25

టెస్టర్ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఈ బటన్ ఇక్కడే ఎందుకు పెట్టారక్కా, పైన పెడితే ఏమవుతుంది అని ఆరా. ఈమధ్య ప్రశ్నలు ఎక్కువయ్యాయి. ఇంతకాలం తప్పులు పట్టడం వరకే ఆమె పని. నాకు పనుందని పంపేశాను. ముఖం చిన్నబుచ్చుకుంది. చిన్నబుచ్చుకోనీ.

మార్చి 27, గురువారం, 1.10

అందరూ భోజనాలకి వెళ్ళారు. పరీక్షల కోసం ఉన్న ఆ లాగిన్‌తో తెరిచాను. హెచ్ఆర్ మేడమ్ క్యాలెండర్ మొత్తం బయటపడింది. ఎవరి మీద ఎవరి ఫిర్యాదు, ఎవరికి ఏ జబ్బని సెలవు, అన్నీ. చదవకూడదనుకుంటూనే చదివాను. తర్వాత ఆ మూడింటి గడి.

‘డిజైన్ బాధ్యతల మార్పు.’

నా కుర్చీలోకి ఎవరొస్తున్నారో వేరే చెప్పాలా? అక్కా అక్కా అంటూనే గొంతు కోసింది.

మార్చి 28

ఆమె పంపిన రిపోర్టుకి ఆఫీసందరికీ కాపీ పెట్టి జవాబిచ్చాను. డిజైన్ అంటే తెలియనివాళ్ళు డిజైన్ జోలికి రాకపోతే మంచిదని. పంపాక హాయిగా అనిపించింది. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అనిపించింది.

ఏప్రిల్ 2, బుధవారం

మేనేజర్ పిలిచాడు. రాజీనామా మాటలు మనసులో సర్దుకుని వెళ్ళాను.

టెస్టర్ అమ్మాయి డిజైన్‌లోకి రావాలనుకుంటోందట. ఏడాదిగా ఇంట్లో నేర్చుకుంటోందట. నా కింద వెయ్యమని తనే అడిగిందట. మూడు గురువారాలు ఆమెకి పరీక్ష పెట్టారు. నా డిజైన్ ముందు పెట్టి, ఏది ఎందుకు అలా ఉందో చెప్పమని. ఫెయిలైతే అక్కకి మొహం చూపించలేను, ముందే చెప్పకండి అని బతిమాలిందట. ఫోల్డర్ ఆమె చదువుకోవడానికే. బాధ్యతల మార్పంటే, నేను టీమ్ లీడ్, ఆమె నా అసిస్టెంట్.

అయితే ఇప్పుడదంతా ఆపేశామన్నాడు. ఇరవై ఏడున ఆమె లాగిన్‌తో ఎవరో హెచ్ఆర్ ఎంట్రీలన్నీ తెరిచారు. తాను కాదంటోందట. మరి పాస్‌వర్డ్ ఎవరికిచ్చావంటే నోరు విప్పడం లేదట. మీకేమైనా తెలుసా అని నన్నడిగాడు.

తెలియదన్నాను.

ఏప్రిల్ 3, గురువారం

పాస్‌వర్డ్ ఇచ్చింది నాకొక్కదానికే. అంటే ఆమెకి తెలుసు. ఉదయం లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. ఏడంతస్తులు. ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేదాన్నేమో.

మధ్యాహ్నం ఆమెను అద్దాల గదిలోకి పిలిపించారు. వెనకే నేనూ వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు. తెరిచింది నేను, చదివింది నేను, నిన్న తెలియదన్నదీ నేనే అని చెప్పేశాను. హెచ్ఆర్ మేడమ్ రాసుకుంది. ప్రైవేట్ ఉండి తీరాలని నాతో పోట్లాడింది మీరే కదండీ అన్నాడు మేనేజర్.

ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఏప్రిల్ 7

డిజైన్ ఆమెకి ఇచ్చారు. నన్ను వేరే టీమ్‌లో, పాత రిపోర్టు స్క్రీన్ల మీద వేశారు. ఉద్యోగం మాత్రం ఉంచారు. ఆమె అడిగినందుకే ఉంచామని హెచ్ఆర్ మేడమ్ అంది. నిజమేనా, నన్ను ఇంకా కుంగదీయడానికి అందా? మళ్ళీ మొదలెట్టాను.

ఏప్రిల్ 17

ఆమె నా కొత్త టేబుల్ దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవరైనా ప్రైవేట్ ఎంట్రీ తెరిస్తే దాని సొంతదారుకి వెంటనే మెసేజ్ వెళ్ళేలా చేస్తున్నారట. ఏం తెరిచారన్నది ముందు రాయాలా, ఎవరు తెరిచారన్నది ముందు రాయాలా అని అడిగింది.

పేరు ముందు పెట్టమన్నాను.

రాసుకుని వెళ్ళింది.