నీళ్ల ట్యాంకు గది

చెల్లీ, మేం క్షేమం. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. పెద్దాసుపత్రికి ప్లాను గీశాడని మీవాడి ఫోటో పేపర్లో వేశారు. అబద్ధమెందుకు, కడుపు మండింది. అదే మేడకు నీళ్ల గొట్టాలూ, మంటలార్పే ఏర్పాట్లూ గీసిన మా పిల్ల పేరు ఎక్కడా లేదు. పైగా ముందు హాలు పెద్దగా కనబడాలని మీవాడు ట్యాంకు గదిని సగానికి కోసేశాడట. "నిప్పంటుకుంటే అరగంటకు కూడా నీళ్లు చాలవన్నయ్యా" అని ఇది మొత్తుకుంటే, "నీ ట్యాంకు చూడ్డానికి ఎవరొస్తారే" అని నవ్వాడట. మంచం దిగలేని రోగులుండే చోటు, నాకు ముద్ద దిగడం లేదు. నా కళ్లజోడు మీ ఇంట్లోనే మరిచాను, పంపించు. గోడలు లేవకముందే వాడికి చెప్పు, నీ మాటైతే వింటాడు. వాడికీ నా దీవెనలే. పేరంతా వాడికే ఉండనీ, ఆ గది మాత్రం మా పిల్లకు ఇప్పించు.
మీ అక్క