మావాడి పటానికి దండ

ఆదివారం, రాత్రి

కోపం ఇంకా దిగలేదు. సరిహద్దులో ఉన్న మావాడి ఫోన్ రాక వారమైంది. ఊళ్లో సిపాయిలకు పార్సిళ్లు పంపే కుర్రాళ్లు ఈ రోజు బడిలో సన్మానమని నన్నూ కోడలు రేవతినీ పిలిచారు. పోయి చూస్తే బల్ల మీద మావాడి పటం. దానికి బంతిపూల దండ, ముందర దీపం. రేవతి గడపలోనే నిలిచిపోయింది.

నలుగురిలో నోరు మెదపని వాడిని. నేరుగా పోయి దండ తీసేశాను.

"ఎందుకు పెదనాయనా తీసేస్తా ఉండావు? గౌరవానికే కదా ఏసినాము," అన్నాడు వాళ్ల పెద్ద మురళి.

"మనిషి మెడలో ఏస్తే గౌరవం. పటానికి ఎప్పుడేస్తారో మీ ఇంట్లో ఎవురూ చెప్పలేదా?"

వాడి మొహం పాలిపోయింది. దీపం వాడే ఆర్పబోయాడు. అది మరీ అపశకునమని చెయ్యి పట్టుకుని ఆపాను. మావాడికి చలికాలం ఉన్ని మేజోళ్లు, చెనక్కాయల ఉండలు కట్టి పంపింది ఆ చెయ్యే. అయినా కోపం పోలేదు.

పటం ఇంటికి తెచ్చాను. గోడకు తగిలిద్దామని మేకు వెతుకుతుంటే రేవతి వద్దంది.

"ఆయనే వచ్చి తగిలించుకుంటాడులే మామా."

పటం మంచం మీదే ఉంది. సెల్లు ఇంకా మోగలేదు.