డాక్టరుకు నేను చెప్పిన జవాబు

5 ఫిబ్రవరి 2006, ఆదివారం
ఆయన ఈరోజు అడిగి మరీ బజ్జీలు చేయించుకున్నారు. ఆరు తిన్నారు! దిగులుకు మాత్రలు మొదలుపెట్టి నాలుగు నెలలు. అంతకుముందు కంచం ముందు కూర్చుని గోడ చూసే మనిషి. వంటింట్లోకి వెళ్ళి కాస్త ఏడ్చాను.

9 ఫిబ్రవరి
దగ్గరకు తీసుకుంటారు... ఆగిపోతారు. "ఏటో సుధా, ఒంటికేటీ తెలీట్లేదు." అటు తిరిగి పడుకుంటారు. నేనేమో అద్దం ముందు — ముప్పై నాలుగేళ్ళకే మొహం మొత్తానా?

18 ఫిబ్రవరి, శనివారం
ఉతకబోతే షర్టు జేబులో మాత్రలు. పది. మింగడం మానేశారు!
"నీకు మొగుడిలా ఉండాలి గదా. నవ్వు లేకపోతే ఏటయింది?"
తిడదామని నోరు తెరిచాను. కానీ తప్పు నాది.

19 ఫిబ్రవరి
రాసేస్తాను. విజయనగరం నుంచి నోయిడా వచ్చి ఏడాదైనా ఆయన హిందీ "అచ్ఛా" దాటలేదు. నేను ఢిల్లీలో పెరిగినదాన్ని. డాక్టరమ్మ మాట ఆయనకూ, ఆయన మాట ఆవిడకూ నేనే చెప్పాలి. రెండు నెలల క్రితం ఆవిడ అడిగింది — "పతి-పత్నీ కా రిష్తా కైసా చల్ రహా హై?" మొగుడూ పెళ్ళాల మధ్య ఎలా ఉందని. ఆయన నావైపు చూశారు. సిగ్గుతో చచ్చాను. అంతా బాగానే ఉందని, "సబ్ ఠీక్ హై" అనేశాను. ఆయనతో, నిద్ర గురించి అడుగుతోందన్నాను. బాగానే పడుతోందని తల ఊపారు పాపం.

20 ఫిబ్రవరి
ఆయనకు అంతా చెప్పేశాను. "మొన్నటిదాకా నాలోనే ఏదో పోయిందనుకున్నాను గదే..." తిట్టినా బాగుండేది.

22 ఫిబ్రవరి
చెవులు కాలిపోతున్నా డాక్టరమ్మకు అన్నీ చెప్పాను. మందువల్లేనట. కోరిక తగ్గడం, ఒళ్ళు మొద్దుబారడం — ఆడవాళ్ళకూ వస్తుందట, మగవాళ్ళకూ. చెప్పకుండా మానేయడమే ప్రమాదమట. "పెహలే బతానా థా నా!" ముందే చెప్పాల్సిందట. మెల్లగా వేరే మందుకు మారుస్తుంది. అది పని చేస్తుందని మాట ఇవ్వలేదు. ఈసారి ప్రతి ముక్కా ఆయనకు తెలుగులో చెప్పాను.

12 మార్చి, ఆదివారం
కొత్త మందు. నిద్ర తక్కువ, చిరాకు ఎక్కువ. పాత రోజులు తిరిగొస్తాయేమోనని నాకు భయం. మధ్యాహ్నం నా చెయ్యి తీసుకుని గుండెల మీద పెట్టుకున్నారు. "తెలుస్తోందా?" అన్నాను. "ఉండవే, తొందరెట్టకు." చెయ్యి మాత్రం వదల్లేదు.
బుధవారం డాక్టరమ్మతో తనే మాట్లాడతారట. నన్ను బయట కూర్చోమన్నారు. ఏ మాటకు హిందీలో ఏమంటారో నన్నడిగి, తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసుకుంటున్నారు. కోరిక. తిమ్మిరి. భార్య.
"నయమైపోయిందంటే ఏటనాలి?"
చెప్పాను. అది మాత్రం రాసుకోలేదు. ఇంకా మూడు రోజులుంది గదా, చూద్దాం అన్నారు.