నాకంటే ముందు

ప్రియమైన అక్కకి,

నిన్న ఫోన్‌లో నువ్వు, "చిలకకి కిడ్నీ దొరికిందటగా! ఎంత మంచి కబురే!" అన్నావు. నేను "అవునక్కా, అంతా దేవుడి దయ" అన్నాను. అది అబద్ధం. నీ గొంతు వింటూ నిజం చెప్పలేక ఇప్పుడు రాస్తున్నాను. నాకు కడుపు మండిపోతోంది.

చిలకంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. డయాలసిస్ గదిలో మా మంచాలు పక్కపక్కనే. రోజు విడిచి రోజు ఇద్దరం చేతులకి సూదులు పెట్టించుకుని, మిషన్ మా నెత్తురు కడిగి మళ్ళీ మాకిచ్చేదాకా పడుకునేవాళ్ళం. బళ్ళో చిన్నపిల్లలకి పాటలు నేర్పే మనిషి కదా, దాని నోటికి విశ్రాంతి ఉండదు. చిలక అని పేరు పెట్టింది నేనే. "వదినా, కిడ్నీలు రాగానే ఇద్దరం కూర్చుని కడుపునిండా నీళ్ళు తాగుదాం" అనేది. రోజంతటికీ కొలిచి పోసుకున్న కాసిని నీళ్ళతో నాలుక తడుపుకునే మాకు అంతకన్నా పెద్ద విందు ఏముంటుంది?

కానీ అక్కా, అది నా తర్వాత వచ్చింది. చాలా తర్వాత. మొదటి రోజు సూది చూసి ఏడిస్తే చెయ్యి పట్టుకున్నది నేను. వరస ఒక్కటే చూడరట, ఒంటికి సరిపడాలట. డాక్టరుగారు చెప్పకముందే ఆ సంగతి నాకు తెలుసు. తెలిస్తే మంట చల్లారుతుందా?

మొన్న చూడ్డానికి వెళ్ళాను. అద్దం తలుపు అవతల కూర్చుని సీసా ఎత్తి గటగటా తాగుతోంది. చాలదన్నట్టు నర్సు ఇంకా తాగమంటోంది! నన్ను చూసి ఫోన్ చేసి, "వదినా, ఒంటేలుకి వెళ్ళాను! వరదే అనుకో!" అని ఒకటే నవ్వు. ఎవరైనా ఒంటేలుకి కుళ్ళుకుంటారా? ఏళ్ళ తరబడి ఒంటేలు చుక్క రాని నేను కుళ్ళుకున్నాను. ఎండిపోయిన నోటితో ఓ నవ్వు నవ్వి, చెయ్యి ఊపి వచ్చేశాను.

ఆదివారం చర్చిలో ఫాదర్‌గారు, క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలూ వారానికొకటి వెలిగించే ఆగమన కాలపు కొవ్వొత్తుల్లో రెండోది వెలిగించారు. "ఎదురుచూడటమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు, వచ్చేవాడికి మనసులో చోటు చెయ్యడం" అన్నారు. నేను వెనక వరసలో కూర్చుని లోపల్లోపల జవాబు చెప్పాను: 'మీకేం ఫాదర్, క్రిస్మస్ ఏ తారీఖున వస్తుందో మీకు ముందే తెలుసు. నా తారీఖు ఎవరు చెబుతారు?' తర్వాత ఆయన చిలక కోసం కృతజ్ఞతా ప్రార్థన చేశారు. అందరూ "ఆమెన్" అన్నారు. నా నోరు పెగల్లేదు.

అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. కిడ్నీ వరసలోంచి నా పేరు తీసేయమంటాను. మిషన్ ఎన్నాళ్ళు లాగితే అన్నాళ్ళు. ఆశ ఉండబట్టే కదా ఈ కుళ్ళంతా. చర్చికి కూడా వెళ్ళను. నీ మరిదికి ఇంకా చెప్పలేదు. రోజంతా బస్సు నడిపే మనిషి, ఇది విని ఎక్కడ గుద్దుతాడోనని భయం. నువ్వు మాత్రం తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ మొండిపిల్ల

*

అక్కా,

తిడతావనుకుంటే, "పేరు తీయించడానికి క్రిస్మస్ దాకా ఆగవే, నా కోసం" అని రాశావు. నీ మాట కాదనలేక ఆగాను. ఆగినందుకు పిలుపొచ్చింది. కంగారుపడి అందరికీ చెప్పేయకు. కిడ్నీ నాకు పెట్టలేదు.

శనివారం పొద్దున బడి పిల్లల యూనిఫారాలకి బట్ట కత్తిరిస్తున్నాను. ఆసుపత్రి నుంచి ఫోన్. "వెంటనే రండి. రెండింట్లో ఒక కిడ్నీ వేరే ఆసుపత్రికి పోతోంది, ఇక్కడున్నది ఒక్కటే, దానికి మీకంటే ముందు ఇంకొకాయన ఉన్నారు. ఆయనకి కుదరకపోతే మీకు." నీ మరిది బస్సు ఇంకో డ్రైవరుకి అప్పగించి పరిగెత్తుకొచ్చాడు. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

ఆ ఇంకొకాయన ఇళ్ళకి రంగులేసే మనిషి. గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లరంగు ఉంది. నన్ను చూసి మొహమాటంగా నవ్వాడు. నర్సు ఆయన నోట్లో థర్మామీటరు పెట్టింది. అక్కా, ఆయనకి జ్వరం ఉండాలని కోరుకున్నాను. ఊరికే మనసులో అనుకోవడం కాదు, పెదవులు కదిపి మరీ కోరుకున్నాను. జ్వరం లేదు. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి, నన్ను బయట ఉండమన్నారు. నీ మరిది మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళాడు.

వరండా చివర బెంచీ మీద ఒక పెద్దమనిషి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఆడపిల్ల కళ్ళజోడు.

"మీవాళ్ళెవరైనా లోపలున్నారా అమ్మా?" అన్నాడు.

"లేదండీ, రోగిని నేనే. కిడ్నీ కోసం పిలిచారు."

ఆయన నన్ను తేరిపార చూశాడు. "అయితే మా అమ్మాయిదే అయ్యుంటుంది" అన్నాడు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఆయనే చెప్పాడు. "స్కూటర్ మీంచి పడింది. మెదడు పోయిందన్నారు. గుండె మాత్రం మిషన్ మీద కొట్టుకుంటోంది. నలుగురికి పనికొస్తుందంటే సరే అన్నాను. అన్నాక ఇంటికి వెళ్ళిపోవచ్చు కదా? వెళ్ళలేకపోతున్నానమ్మా. ఎవరైనా వచ్చి, పొరపాటయింది, కళ్ళు తెరిచింది అంటారేమోనని చూస్తున్నా."

అక్కా, ఇన్నేళ్ళూ నేను కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నాననుకున్నాను. ఇలా ఒక తండ్రి వచ్చి ఈ బెంచీ మీద కూర్చునే రోజు కోసమని ఏనాడూ తట్టలేదు. నాకంటే ముందు ఆ రోజు చిలకకి వచ్చిందనే నేను కుళ్ళి ఏడ్చింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

నర్సు వచ్చి, "ఆయనకి సరిపోయిందమ్మా, మీరు ఇంటికెళ్ళొచ్చు" అంది. నీ దగ్గర దాచను, అంతా విన్నాక కూడా లోపల మళ్ళీ భగ్గుమంది.

"మీకు రాలేదా?" అన్నాడా పెద్దమనిషి.

"లేదండీ."

"అయితే మీరింకా ఎదురుచూడాలా? పాపం" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. కూతుర్ని పోగొట్టుకుని కూర్చున్న మనిషి నన్ను చూసి పాపం అన్నాడక్కా. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చిలక ఇంకా అక్కడే పై అంతస్తులో ఉంది. ఇంటికి వెళ్ళకుండా మెట్లెక్కి, అద్దం ఇవతల నుంచి ఫోన్ చేశాను. "నీ మీద కుళ్ళుకున్నానే" అన్నాను. ఎప్పుడూ ఆగని నోరు అప్పుడు ఆగింది. "నాకు తెలుసు వదినా. మొన్న నీ నవ్వులోనే తెలిసింది. నీకు ముందొస్తే నేనూ అంతే" అంది. మళ్ళీ తనే, "ఎవరిదో నాకు చెప్పరట. పొట్ట మీద చెయ్యేసుకుని, ఎవరమ్మా నువ్వు అని అడుగుతూ ఉంటాను" అంది. అద్దానికి అటు అది, ఇటు నేను, ఇద్దరం బోరుమన్నాం. నర్సు కోప్పడింది.

పేరు తీయించలేదు. తీయించను. నాకు బతకాలని ఉందక్కా, అందులో తప్పేం లేదు. కానీ నిన్న చర్చిలో నాలుగో కొవ్వొత్తి ముందు మోకరించినప్పుడు, ఎప్పటిలా 'త్వరగా ఇవ్వు' అనబోతే ఆ పెద్దమనిషే కళ్ళ ముందుకొచ్చాడు. చివరికి ఇలా అడిగాను: 'ప్రభువా, ముందు ఆయనింటికి వెళ్ళు. నా దగ్గరికి తర్వాత వచ్చినా ఫరవాలేదు.'

నీ చెల్లి