ఏం లేదన్న తెర

కార్వాన్,
మంగళవారం.

బాపుకు పూజిత నమస్కారాలు.

అమ్మ, నేను బాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ వేళకు తింటున్నావనే అనుకుంటున్నాం.

నీ ఉత్తరం శనివారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. నల్లా రోజు విడిచి రోజు వస్తోంది. అమ్మ మోకాలు అట్లాగే ఉంది, మెట్లు ఎక్కొద్దంటే వినదు. జహీరాబాద్ పంపుహౌస్‌లో చెవుల్లో దూది పెట్టుకుంటున్నానని రాశావు. దూది సరిపోదు, చెవులు మూసేవి ఇవ్వమని ఇంజనీరును గట్టిగా అడుగు. ఇప్పటికే ఫోన్‌లో నీకు మాట వినపడక కాగితం మీద రాయాల్సి వస్తోంది.

ఇక ఆఖరిది. "వైకుంఠం డ్యూటీల పండుకున్నడంట గద. నేను చెప్పి పెట్టించిన కొలువు. నా ఇజ్జత్ తీసిండు. వాని ఇంటికి పోకుండ్రి" అని రాశావు. అది చదివినప్పుడు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఎవరు చెప్పారు నీకు? ఆయనను అడిగావా? నీళ్ల లైన్ల మీద వాల్వ్ డ్యూటీలో ఇరవై ఏళ్లు నీతో పనిచేసిన మనిషి. ఒక్క ముక్క రాసి అడగలేకపోయావా?

జరిగింది రాస్తాను, ఆఖరిదాకా చదువు.

నయాపూల్ దగ్గర మా బ్లడ్ బ్యాంకులో కౌంటర్ ముందు, స్టోర్ వెనక. కౌంటర్‌లో చీటీ ఎక్కిస్తే అది డేటాబేస్‌లో చేరుతుంది. స్టోర్‌లో వైకుంఠం కాక తెర మీద అది చూసి రక్తం సంచి తీసి ఇస్తాడు. ఇదివరకు ఆ తెర ఐదు నిమిషాలకోసారి కొత్త చీటీలు ఉన్నాయా అని అడిగేది. అక్కడి కంప్యూటర్ పని నాది కాబట్టి నిరుడు నేను ఆ పద్ధతి మార్చాను. తెర ఒక్కసారే అడుగుతుంది, అడిగి, ఫోన్‌లో లాగా, లైన్ పెట్టేయకుండా పట్టుకుని ఉంటుంది. చీటీ పడిన క్షణమే దానంతట అదే తెర మీదికి వస్తుంది. చీటీలు లేనప్పుడు "ఏం లేదు" అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. అందరూ మెచ్చుకున్నారు.

మొన్నటి ఆదివారం కాదు, అంతకు ముందటి ఆదివారం పొద్దున ఆరున్నరకు రవీందర్ అనే ఆయన చెల్లెలి కోసం వచ్చాడు. ఆమె పేరు సుజన. కాన్పు తర్వాత రక్తం ఆగలేదు. కౌంటర్‌లో ప్రీతి చీటీ ఎక్కించి, "కూసోండన్నా, వస్తది" అంది. యాభై నిమిషాలు రాలేదు. రవీందర్ స్టోర్ తలుపు తోసుకుని లోపలికి పోయి కాక కాలర్ పట్టుకున్నాడు.

"ఏందిరా, మనిషి సస్తుంటే లోపల పండుకున్నవా?"

"తెర మీద ఏం రాలే భాయ్. నువ్వే చూడు. వస్తే ఇయ్యనా?"

అప్పుడు చేతి చీటీ మీద సంచులు ఇచ్చారు. సుజన బతికింది. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి ఇంటికి పోయింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో నేను రాయను.

పది గంటలకు మేనేజర్ సోమశేఖర్ అందరి ముందూ కాకను నిలబెట్టాడు. నన్నూ ఇంటి నుంచి పిలిపించారు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను.

"స్క్రీన్ పండుకుంటదా? మనిషే పండుకుంటడు."

"సార్, నేను కండ్లు గూడ ఆర్పలే."

"కండ్లు ఆర్పకుండ ఉండేటందుకు చేపవా?"

నవ్వారు బాపూ. నవ్వినవాళ్లలో కాక చేతి చాయ్ రోజూ తాగేవాళ్లు ఉన్నారు. ఆ పూటే ఆయనను పని నుంచి ఆపేశారు.

మధ్యాహ్నం కంప్యూటర్‌లో చూశాను. తెర 6:02కు తెరుచుకుంది, 6:02కే లైన్ తెగింది. సోమశేఖర్ గదికి పోయి చెప్పాను. తలుపు వెయ్యమన్నాడు.

"ఇంకెవలికన్న చెప్పినవా? మిషన్ తప్పంటే లైసెన్స్ పోతది. ముసలోడు తప్పంటే ముసలోడు పోతడు. గింత సమజ్ గాదా అమ్మా నీకు?"

నేను నోరు మూసుకుని బయటికి వచ్చాను. ఎనిమిది రోజులు మూసుకునే ఉన్నాను.

సోమశేఖర్‌ను తిట్టడం నాకు తేలిక, అందుకే ముందు అది రాశాను. ఇప్పుడు అసలుది రాస్తాను. ఆ లైన్ తెగింది నా వల్ల.

రోజూ ఆరింటికి పాత చీటీలు పక్కకు పోయి కొత్త పెట్టె మొదలవుతుంది. అందులో ఒక్క చీటీ ఉన్నా చాలు, డేటాబేస్ తర్వాతి దానికోసం లైన్ పట్టుకుని ఉంటుంది. పెట్టె పూర్తిగా ఖాళీ అయితే పట్టుకోదు, ఇక అయిపోయిందని పెట్టేస్తుంది. ఇది నాకు తెలుసు. తెలిసే, ప్రతి పొద్దునా ముందుగా పేరు లేని ఉత్త చీటీ ఒకటి పడేలా రాశాను. నెలాఖరు రిపోర్టులో అవి కనపడితే తనిఖీవాళ్ల ముందు సోమశేఖర్, "ఈ పేరు లేని పేషెంట్ ఎవలమ్మా, మీ చుట్టమా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే ఉత్త చీటీ తీసేశాను. లైన్ తెగితే మళ్లీ కలుపుకునేలా మర్నాడు రాద్దామనుకున్నాను. రాయలేదు. తెగిన సంగతి తెర మీద చూపించే ఏర్పాటూ చేయలేదు. చీటీలు లేకపోతే "ఏం లేదు". లైనే లేకపోయినా "ఏం లేదు".

మామూలుగా కాక తెర తెరిచేసరికి రెండు మూడు చీటీలు పడి ఉండేవి, కాబట్టి నెల రోజులు ఏమీ కాలేదు. ఆ ఆదివారం ఆయన ముందే వచ్చాడు, పెట్టెలో ఇంకా ఒక్క చీటీ పడలేదు. పండుకున్నాడని నువ్వు రాసిన మనిషి ఆ రోజు ముందే వచ్చాడు, అందుకే దొరికిపోయాడు.

నిన్న చాంద్రాయణగుట్టలో కాక ఇంటికి పోయి ఆయనకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. చాయ్ గ్లాసు నా ముందు పెట్టి చెప్పాడు.

"వాల్వ్ డ్యూటీల మీ బాపు గంటకోసారి ఫోన్ కొట్టెటోడు బిడ్డా. 'ఏం లేదు వైకుంఠం' అని. లైన్ పొడుగూత నడిచి, సూసి, అప్పుడు చెప్పెటోడు. ఫోన్ రాకపోతే ఏదో అయిందని నేను సైకిల్ ఎక్కెటోణ్ణి. ఈ తెర ఏం లేదు, ఏం లేదు అంటనే ఉండె గద. ఎవలో సూసే చెప్తున్నరనుకున్న."

ఎవరూ చూడలేదు. ఆ మాట తెర మీద పెట్టింది నేను. చిన్నప్పుడు నీ నోట విన్న మాటే పెట్టాను.

ఈ పొద్దున ఇదంతా కాగితం మీద రాసి, సంతకం చేసి, బ్లడ్ బ్యాంకు కమిటీకి ఇచ్చాను. సోమశేఖర్ చదివి, "మంచిగ చేసినవ్. ఇప్పుడు ఇద్దరు పోతరు" అన్నాడు. గురువారం కాకనూ నన్నూ పిలిచారు. నా కొలువు పోతే పోనీ, ఆయనది మాత్రం నిలబెడతాను. అమ్మకు కూడా చెప్పాను.

నా మీద నీకు కోపం వస్తుంది, రానీ. కానీ నువ్వు జహీరాబాద్‌లో కూర్చుని, లైన్ నడవకుండా, ఆయన పండుకున్నాడని రాశావు. నాకు తెలిసి నువ్వు చూడకుండా చెప్పిన మొదటి మాట అది. ఈసారి ఉత్తరం నాకు కాదు, ఆయనకు రాయి. ఇల్లు నీకు తెలుసు. అది ఆయనకు అందేదాకా నేను నీకు రాయను. నా ఉత్తరం రాలేదంటే ఏం లేదనుకోకు.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్నా కోపం దిగని నీ బిడ్డ,
పూజిత