నాయన ముక్కు

ఫిబ్రవరి 4

స్కూలు నుంచి వచ్చేసరికి ఇంటి ముందు బైకులు. షాలిని టీచర్ ఇల్లు ఇదేనా అని వీధంతా అడుగుతూ వచ్చారట. లియా ఫ్యాన్స్ అసోసియేషన్. ప్రెసిడెంట్ పేరు హరీష్. గడ్డం, మెడలో నా చెల్లెలి ఫోటో ఉన్న లాకెట్. వచ్చే నెల వర్ధంతికి నంద్యాలలో లియా విగ్రహం పెడతారట. మన ఊరి ఆడబిడ్డ, ఇరవై ఏడేళ్లకే పాయె, ఊరికే ఉంటామా అక్కా అన్నాడు.

నాకున్నది ఒక్కతే చెల్లెలు. దాని పేరు లియా కాదు, లూదియా. ఆ పేరు మరీ చర్చి పేరులా ఉందని సినిమా వాళ్లు కత్తిరించి లియా చేశారు.

అమ్మ అందరికీ టీ ఇచ్చింది. పాప షూటింగులో ఉండాది, వచ్చినాక చెప్తాలేప్పా అంది. వాళ్లు నా మొహం చూశారు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

ఫిబ్రవరి 5

రాయకపోతే తల పగిలేట్టుంది.

పోయిన మార్చిలో లూదియా షూటింగు కారవాన్‌లో కుప్పకూలింది. మళ్లీ లేవలేదు. తిండి మానేసి మానేసి గుండె ఆగిందన్నారు డాక్టర్లు. టీవీ వాళ్లు చెప్పినవన్నీ నిజమైతే నా చెల్లెలు నాలుగుసార్లు చచ్చి ఉండాలి.

ఇంటికి శవపెట్టె వచ్చింది. అమ్మ ఒక్కసారి తొంగి చూసి, ఇది మా లూదియా కాదు, ఎవరి బిడ్డనో తెచ్చినారు, పాపం వాళ్లమ్మకు చెప్పండప్పా అంది. దుఃఖంలో ఏదో అంటోందిలే అనుకున్నారు అందరూ. ఏడాది కావస్తోంది. అమ్మ కంట్లో ఒక్క చుక్క రాలేదు. కర్నూలు తీసుకెళ్లాను. షాక్ అన్నాడు డాక్టరు, మాత్రలు రాశాడు.

అసలు అమ్మ తప్పేముంది? మా అక్కచెల్లెళ్లిద్దరిదీ నాయన ముక్కు. మధ్యలో ఎత్తు, కొస కిందికి వంపు. ఎవరు చూసినా జీవరత్నం కూతుళ్లు అనేవాళ్లు. లైటింగులో నీడ పడుతోందని డైరెక్టర్ అన్నాడట, లూదియా ఆ వంపు కోయించేసుకుంది. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, అక్కా, నాయనను తీసేసినారే అని నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది. అప్పటికి నాయన పోయి రెండేళ్లు కూడా కాలేదు. ఆ తర్వాత పళ్లు, ఆ తర్వాత దవడ. పెట్టెలో ఉన్నది ఎవరి బిడ్డో నాకూ ఒక్క క్షణం తెలియలేదు.

ఫిబ్రవరి 9

ఆదివారం కూర. అమ్మ తింటోంది, పళ్లెం పక్కన ఫోన్. రోజూ ఇంతే.

లూదియా ఉన్నప్పటి అలవాటు ఇది. దానికి ఉడకబెట్టిన ఆకులే పెట్టేవాళ్లు. ఆకలి తట్టుకోలేక అమ్మకు ఫోన్ చేసేది. ఏం చేసినావుమా అనేది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అని అమ్మ చెబితే, ఫోను పళ్లెం పక్కన పెట్టుకోని తిను, నేను వింటాంటా అనేది. రాష్ట్రమంతా దాని పోస్టర్లకు పాలు పోస్తుంటే, అది తలుపు వేసుకుని మా అమ్మ బజ్జీ నమిలే చప్పుడు వింటూ కూర్చునేది.

ఇప్పుడు అటువైపు ఎవరూ లేరు. అయినా అమ్మ చప్పుడు చేస్తూ తింటుంది, పిల్లకు వినపడాలని.

ఆ ఫోన్ అక్కడి నుంచి లేవాలి. దేవుడా, నాకింకేమీ వద్దు.

ఫిబ్రవరి 14

హరీష్ రమ్మంటే ఆళ్లగడ్డ వెళ్లాను. శిల్పి మౌనేశ్వరాచారి. షెడ్డు నిండా సగం సగం దేవుళ్లు, ఒక మూల మూతి ఇంకా చెక్కని లీడర్. ఆయన చిక్కు వేరే. కుప్పలుగా ఫోటోలు ఇచ్చారు, అన్నీ ఎడమ పక్కే. లియా ఇంకో పక్క చూపేది కాదు. రాయికి నాలుగు పక్కలా ఉండల్ల కదమ్మా, చెవులు, మెడ యాడ తెచ్చేది అన్నాడు. పోయినోళ్ల తోబుట్టువును తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకోవడం ఆయనకు అలవాటట. నన్ను పిలిచింది అందుకు.

స్టూలు మీద కూర్చున్నాను. చెవులు కొలిచాడు, మెడ కొలిచాడు. ముక్కు దగ్గరికొచ్చి, ఇది వద్దులే, ఫోటోలో ఉండాది అన్నాడు.

ఇదే కావాలి అన్నాను.

అదే రోజు, సాయంత్రం 5, బస్సులో

అమ్మ ఆ ముక్కు చూస్తుంది. మెడలో దండ చూస్తుంది. పిల్ల పోయిందని అప్పుడు తెలుస్తుంది. ఏడుస్తుంది. ఏడిస్తే ఫోన్ తీసేస్తుంది. కన్నతల్లిని ఏడిపించడానికి ఇంత ప్లానా? అవును, ఇంత ప్లానే.

ఫిబ్రవరి 21

మట్టి మోడల్ చూడ్డానికి ఫ్యాన్స్ వచ్చారు. రభస. ఏందక్కా ఇది, మా లియా యాడ, ఈ ముక్కేంది అని హరీష్ గొంతు లేపాడు. నాకు ఒళ్లు మండింది. మీ లియానే నా చెల్లెల్ని మింగింది అన్నాను. ఆచారి మెల్లగా బయటికి జారుకున్నాడు.

నువ్వు దాన్ని మొట్టమొదట ఎప్పుడు చూశావు అని అడిగాను. నసిగాడు. సినిమాల్లోకి రాకముందే అట. క్రిస్మస్ కేరల్స్‌కు మా వీధికి వచ్చి పాడింది, నేను టెన్త్ అన్నాడు. అప్పుడు ముక్కు ఎట్లా ఉండేది అన్నాను. మట్టి ముక్కు వైపు తిరిగి చూశాడు. ఇట్లే ఉండె అన్నాడు. లాకెట్ తీసి చొక్కా లోపల వేసుకున్నాడు.

పాపం, వాడికీ లూదియానే నచ్చింది మొదట.

ముక్కుకు ఒప్పుకున్నారు గానీ చీర మాత్రం ఉండాల్సిందే అన్నారు. ఊళ్లో పెట్టే ఆడబిడ్డ బొమ్మ కదా, చీర, జడ లేకుంటే బాగుండదట. లూదియా ఒంటి మీద చీర గంట నిలిచేది కాదు. రోజూ చీర కట్టుకునేది నేను. సరే పోనీ అన్నాను.

ఫిబ్రవరి 22

ముక్కు ఉంటుంది. ముక్కు ఉంటుంది.

మార్చి 12

కళ్లు చివర్న చెక్కుతారు. ఈ రోజు అయిపోయాయి. చూడమ్మా, నీ దిక్కే చూస్తాండాది అన్నాడు ఆచారి.

లూదియా. నా గాజులు దొంగిలించి, నేను కాదు అని బైబిల్ మీద ఒట్టు వేసే లూదియా. రాతి భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఇంటికొస్తే అమ్మ నా తల దులిపి, యాడ పొర్లాడి వస్తివే అంది.

మార్చి 19

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పాస్టర్ గారు ప్రార్థన చేశారు. డప్పులు. గుడ్డ లాగారు. విజిల్స్. హరీష్ నిచ్చెన ఎక్కి పెద్ద గులాబీల దండ వేశాడు. నేను అమ్మ చేయి పట్టుకుని ముందుకు తీసుకెళ్లాను. అమ్మ తలెత్తింది. చూసింది. ముక్కు చూసింది. ఒక్కసారిగా కూలబడి నేల గుద్దుకుంటూ ఏడ్చింది. ఏడాది ఏడుపు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. అయింది, తెలిసింది, స్తోత్రం తండ్రీ అనుకున్నాను.

అప్పుడు అమ్మ మాటలు వినపడ్డాయి. షాలినీ, నా తల్లీ, పొద్దున బడికి పోతివి కదే, ఎప్పుడు సస్తివే, నాకెవరూ చెప్పకపాయిరే.

అమ్మా, షాలినిని నేను, ఇక్కడే ఉన్నాను అన్నాను. అరిచాను. అమ్మ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ముక్కు మీద వేలు పెట్టి కిందికి జార్చింది. వస్తివా లూదియా, మీ యక్క పాయెనే అంది.

తల పైకెత్తి చూశాను. చీర నాది. మెడ నాది. చెవులు నావి. ముక్కు మా ఇద్దరిదీ.

చుట్టూ అందరూ ఫోన్లు పెట్టి వీడియో తీస్తున్నారు.

మార్చి 23

పళ్లెం పక్కన ఫోన్ లేదు.

అమ్మ ఉగ్గాని చేసింది, బజ్జీలు వేసింది. లూదియా, దా, ఎన్నాళ్లాయెనో తిని అని పిలిచింది.

వెళ్లాను. చప్పుడు చేస్తూ తిన్నాను. అమ్మ పక్కన కూర్చుని వింది.